బెణుకూ ఒక జబ్బేనా?

మొన్న పెరటిమెట్టు దిగుతూంటే పాదం లోపలికి మడతపడింది. నిరుడూ ఇదే కాలు. అప్పుడు చింతపండు పట్టు వేసుకుని, మూడోరోజే పొయ్యి దగ్గర నిలబడ్డాను. బెణుకూ ఒక జబ్బేనా అని!

ఈసారి డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. చీలమండ వెలుపలివైపు ఎముక నుంచి పాదంలోని టాలస్ ఎముకకి చిన్న పట్టీలాంటి లిగమెంటు. పొడవు రెండు సెంటీమీటర్లకి అటూ ఇటూ. టాలస్ ముందుకి జారకుండా, పాదం లోపలికి తిరిగిపోకుండా ఆపేది అదేనట. లోపలివైపు లిగమెంటు దిట్టం, ఇది నాజూకు. అందుకే బెణుకులు ఎక్కువగా ఇక్కడే.

"సరిగ్గా మాననివ్వకపోతే వదులైపోయి మళ్ళీ మళ్ళీ మడతపడుతుందమ్మా" అన్నారు. కొన్నాళ్ళు విశ్రాంతి, ఆపైన ఒంటికాలిమీద నిలబడే వ్యాయామం.

కాలు దిండుమీద పెట్టుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి మావారి కేక: "పోపులడబ్బా ఎక్కడోయ్?"

పాతికేళ్ళుగా ఉన్నచోటే ఉందండీ! లేవబోయాను. బొమ్మ గుర్తొచ్చి ఆగిపోయాను.

వెతుక్కోనీయండి.