దాచిన చోటు

ఇల్లు విడిచి దూరదేశమునకు బయలుదేరు మనుజుడు రెండు మూటలను వెంట గొనిపోవును. ఒకటి కంటికి కనబడునది. అందు బట్టలు, మందులు, తినుబండారములు ఉండును. రెండవది కంటికి కనబడనిది. అందు భయములు ఉండును. మొదటి మూట ప్రయాణము సాగినకొలది తేలికయగును. రెండవ మూట, తగిన వివేకము లేనిచో, దినదినమును బరువెక్కును.

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని పెద్దలు చెప్పుకొనెడి కాలమున, యాత్రికుడు తన రూకలను చిన్న సంచిలో నుంచి, నడుమునకు కట్టుకొని, పైన పంచె బిగించెడివాడు. స్త్రీలు చిల్లరను కొంగున ముడివేసికొనెడివారు. నేడు విదేశములకు పోవువారికి రూకలకంటె విలువగల వస్తువు వేరొకటి కలదు. అది పాస్‌పోర్టు.

చూచుటకు అది ముదురునీలపు అట్టగల చిన్న పుస్తకము. యాత్రికుని ఛాయాచిత్రము, పేరు, పుట్టిన తేది, ఒక అక్షరమును ఏడు అంకెలును గల సంఖ్య అందు ఉండును. ఈ పౌరుని అడ్డగింపక పోనీయవలసినదనియు, అవసరమైనచో సహాయము చేయవలసినదనియు భారత రాష్ట్రపతి పేరిట పరదేశముల అధికారులను కోరు వాక్యములు అందు ముద్రింపబడి యుండును. మరియొక విశేషము కలదు. 1967వ సంవత్సరపు పాస్‌పోర్టుల చట్టము ప్రకారము ఆ పుస్తకము ఎల్లప్పుడును కేంద్ర ప్రభుత్వపు సొత్తు. దానిని జేబున నుంచుకొనువాడు దానికి కాపలాదారుడు మాత్రమే.

రాజమహేంద్రవరమున ముప్పది మూడు సంవత్సరములు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడొకడు భార్యతో గూడి, జర్మనీలో ఉద్యోగము చేయుచున్న కుమార్తెను చూడబోయెను. గోదావరి యొడ్డున పుట్టి పెరిగిన తండ్రికి ఐరోపాలోని ఒక మహానదిని చూపవలెనని ఆ కుమార్తె తలచెను. డాన్యూబు నది జర్మనీలోని నల్లడవి ప్రాంతమున పుట్టి, పది దేశములను తాకుచు, సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి నల్లసముద్రమున కలియును. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్టు, బెల్‌గ్రేడు అను నాలుగు రాజధానులు డాన్యూబు యొడ్డుననే యున్నవి. పస్సౌ అను జర్మనీ పట్టణమున ఓడనెక్కి బెల్‌గ్రేడు వరకు పోవుటకును, అచ్చటినుండి విమానమున తిరిగి వచ్చుటకును ఆమె తల్లిదండ్రులకు టిక్కెట్లు కొనెను.

ఓడ నెక్కించుచు కుమార్తె ఇట్లు చెప్పెను: "నాన్నగారూ, పాస్‌పోర్టులకు ఒకే చోటు ఏర్పరచుకొనుడు. ఆ చోటు మార్చకుడు. గదిలో చిన్న యినుపపెట్టె యుండును. అదియే మంచిచోటు. నకళ్లు వేరొక సంచిలో నుంచితిని. ఒక జత నాయొద్దను ఉన్నది. ఊరు చూడబోవునప్పుడు ఆనాటికి కావలసిన డబ్బు మాత్రము తీసికొనుడు. మిగిలినదంతయు పెట్టెలోనే యుండనిండు."

తల్లి ఈ మాటలు విని తల యూపెను. ఆమెకు ఇవి క్రొత్తవి కావు. పుష్కరముల జనసమ్మర్దమున పిల్లలను, సొమ్ములను కాచుకొన్న యిల్లాలు ఆమె. బంగారము నంతయు ఇంటికడ బ్యాంకు లాకరులో నుంచి, మెడలో మంగళసూత్రము, నల్లపూసలు మాత్రముంచుకొని వచ్చెను. ఆనాటి డబ్బును గుడ్డసంచిలో నుంచి నడుమున దోపుకొనెడిది. రాత్రి పడుకొనబోవు ముందు తన వస్తువులన్నియు ఒకసారి లెక్కించుకొనెడిది. తరువాత నిశ్చింతగా నిద్రించెడిది.

ఉపాధ్యాయుని స్వభావము వేరు. గదిలోని యినుపపెట్టె నాలుగంకెలు నొక్కినచో తెరచుకొనునది. "నాకు తెరచుకొన్న పెట్టె మరియొకనికి మాత్రము తెరచుకొనదా?" అని ఆయన వాదము. మొదటినాడు ఓడలోని రిసెప్షనువారు వివరములు వ్రాసికొనుటకు పాస్‌పోర్టులు తీసికొని మరునాడు తిరిగి యిచ్చిరి. ఆ ఒక్క రాత్రియే ఆయనకు కంటిమీద కునుకు లేదు. తిరిగి చేతికి వచ్చిన పాస్‌పోర్టులను రెంటిని రుమాలులో చుట్టి పెట్టె యడుగున దాచెను. పెట్టెను ఎవరైన ఎత్తుకొనిపోవచ్చునని తోచి, మరునాడు పరుపు క్రిందికి మార్చెను. పరుపు సర్దువారికి కనబడునని తోచి, పిమ్మట కోటు మడతలోనికి మార్చెను.

"ఏమండీ, పిల్లి తన పిల్లలను త్రిప్పినట్లు వాటిని ఎన్ని యిండ్లు త్రిప్పెదరు?" అని భార్య నవ్వెను. ఆయన నవ్వలేదు.

ఇంత చేసినను, ఓడ ఆస్ట్రియాలో ప్రవేశించినప్పుడు గాని, ఆ పిదప స్లొవాకియా, హంగరీ దేశములలో ప్రవేశించినప్పుడు గాని సరిహద్దున ఎవరును ఆ పుస్తకముల నడుగలేదు. దీనికొక కారణము కలదు. 1985వ సంవత్సరము జూను 14వ తేదీన బెల్జియము, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గు, నెదర్లాండ్సు దేశముల ప్రతినిధులు తమ నడుమనున్న సరిహద్దులలో తనిఖీలను క్రమముగా తొలగించుటకు ఒడంబడిక చేసికొనిరి. లక్సెంబర్గులోని షెంగెన్ గ్రామమువద్ద, మోసెల్ నదిపై నిలిచిన ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్ అను ప్రయాణికుల ఓడలో వారు సంతకములు చేసిరి. పాస్‌పోర్టుల చిక్కును తగ్గించిన ఒడంబడిక నదిమీది ఓడలోనే పుట్టుట ముచ్చటయైన విషయము. ఆ ఒడంబడికలో ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ తరువాతి కాలమున చేరినవి. బెల్‌గ్రేడు రాజధానిగా గల సెర్బియా అందు చేరలేదు. కావున హంగరీ దాటునప్పుడు మాత్రము పాస్‌పోర్టు చూపక తప్పదు.

వియన్నాలో ఉపాధ్యాయుని భయము ముదిరెను. నదీనౌకలకు రేవులో చోటు చాలనప్పుడు ఒక ఓడప్రక్కన మరియొక ఓడను చేర్చి కట్టుదురు. వెలుపలి ఓడలోనివారు లోపలి ఓడ నడవగుండ నడచి ఒడ్డునకు పోవుదురు. ఆనాడు రెండవ ఓడ ఒకటి వచ్చి ప్రక్కనే నిలిచెను. ఆయన గది కిటికీకి ఎదురుగా, చేయి చాచిన అందునంత దూరమున, మరియొక కిటికీ! నడవలో గుంపులు గుంపులుగా క్రొత్త ముఖములు! తెరలు మూసికొన్న చాలునని భార్య చెప్పి నిద్రపోయెను. ఆయన నడిరేయి లేచి, దీపము వేయక, రుమాలు మూటను మరియొక చోటికి మార్చి, తృప్తితో పడుకొనెను.

ఓడ బుడాపెస్టు చేరెను. నాటి సాయంకాలము రిసెప్షనునుండి ప్రకటన వెలువడెను: "రాత్రి ఓడ దక్షిణమునకు సాగును. రేపు మోహాచ్ రేవున సరిహద్దు అధికారులు వత్తురు. ప్రయాణికులందరును ఆరు గంటలలోగా పాస్‌పోర్టులు మాకు అందజేయవలెను."

ఉపాధ్యాయుడు కోటు మడత విప్పెను. అందు లేవు. పరుపు ఎత్తెను. అందును లేవు. పెట్టెలోని బట్టలన్నియు క్రింద కుప్పగా పోసెను. ఎచ్చటను రుమాలు మూట కనబడలేదు. ఆయన చేతులు వణకజొచ్చెను. వియన్నాలో ఎచ్చటికో మార్చినట్లు లీలగా జ్ఞాపకమున్నది కాని, ఆ చోటు ఏదో ఎంత తలచినను తట్టలేదు. అప్పుడాయన మనస్సున ఒక ఆలోచన పాము వలె తల యెత్తెను. ప్రతి ఉదయమును గది యూడ్చి పక్క సర్దుటకు యువకుడొకడు వచ్చుచున్నాడు. వాడు తప్ప ఈ గదిలోనికి మరెవరు వత్తురు?

"తొందరపడకుడు. మొదట మన చేతులతో మనము దాచినదానిని వెదకుదము. పరుల మాట తరువాత," అని భార్య వారించెను. ఆయన వినక రిసెప్షనునకు పోయెను. అచ్చట నలుగురు ప్రయాణికులు నిలిచి యుండగా, "నా పాస్‌పోర్టులు పోయినవి. గది శుభ్రముచేయు ఆ కుర్రవాడు తప్ప ఎవరును లోనికి రాలేదు," అని గట్టిగా పలికెను.

బల్లవద్దనున్న ఉద్యోగిని తొణకలేదు. "ముందుగా గదిని మరల వెదకుదము. దొరకనిచో ఇచ్చటి పోలీసులకు తెలిపి, వారిచ్చు పత్రముతో ఈ నగరమందలి భారత రాయబార కార్యాలయమునకు పోవలెను," అని చెప్పెను. పాస్‌పోర్టు పోయినవారికి స్వదేశమునకు తిరిగి పోవుటకు మాత్రము పనికివచ్చు అత్యవసర ధ్రువపత్రమును రాయబార కార్యాలయమువారు ఇయ్యగలరు. దానితో ఒక పర్యాయము భారతదేశమునకు చేరవచ్చును. అంతియే. బెల్‌గ్రేడు లేదు. కుమార్తె యింటిలో గడుపదలచిన మిగిలిన మాసము లేదు. ఓడ వారికొరకు నిలువదు. ఇది విని ఉపాధ్యాయుడు కుర్చీలో కూలబడెను.

ఇంతలో ఆ యువకుడే చేత చిన్న దీపముతో వచ్చెను. తనపై పడిన మాట అతని చెవినపడినదో లేదో, ముఖమును బట్టి తెలియలేదు. "అయ్యా, నేనును నా దేశము విడిచి వచ్చినవాడను. ఆ పుస్తకము పోయినచో ఎట్లుండునో నాకు తెలియును. వెదకుదము రండు," అనెను.

అతడు మంచము క్రింద చూచెను. సొరుగులు వెలికి తీసి వెనుక చూచెను. పిమ్మట అలమర తెరచి, పై యరలోనున్న రెండు లైఫ్ జాకెట్లను దించెను. ఓడకు ఆపద కలిగినప్పుడు తొడుగుకొని నీట తేలుటకు ప్రతి గదిలోను వాటిని ఉంచుదురు. ఒక జాకెట్టు మడతలో ఏదో గట్టిగా తగిలెను. అతడు దానిని విప్పగా రుమాలు మూట బయటపడెను. అతడు ముడి విప్పలేదు. రెండు చేతులతో ఆ మూటను పట్టి ఉపాధ్యాయునకు అందించెను.

అప్పుడాయనకు సర్వము జ్ఞాపకము వచ్చెను. ఓడ మునిగినను పాస్‌పోర్టులు ఒంటినే యుండవలెనని, వియన్నాలో నడిరేయి చీకటిలో వాటిని అందు చొప్పించినది తానే. దొంగకు దొరకకుండ దాచినవాడు తనకే దొరకకుండ దాచుకొనెను.

దానితోపాటు మరియొక జ్ఞాపకమును వచ్చెను. ఎన్నో ఏండ్ల క్రిందట తరగతిలో ఆయన కలము కనబడలేదు. మొదటి బల్లపై కూర్చుండు పేదబాలుడొకనిని అనుమానించి, గంటసేపు బల్లపై నిలువబెట్టెను. ఆ బాలుడు ఒక్క మాటయు మాటాడలేదు. ఆ రాత్రి కలము ఇంటిలో హాజరుపట్టీ మడతలోనే దొరకెను. మరునాడు ఆ సంగతి తరగతిలో చెప్పుటకు ఆయనకు నోరు రాలేదు. ఆ వారమంతయు ఆ బాలుడు తలవంచుకొని కూర్చుండుట ఆయన చూచుచునే యుండెను.

ఉపాధ్యాయుడు మూటను భార్య చేతికిచ్చి, యువకుని వెంటబెట్టుకొని రిసెప్షనునకు నడచెను. ఇందాక విన్నవారిలో ఇద్దరు ముగ్గురు ఇంకను అచ్చటనే యుండిరి. "పాస్‌పోర్టులు నేను దాచినచోటనే యున్నవి. తప్పు నాది. ఇతనిపై నేను పలికిన మాట అన్యాయమైనది. ఇతడే వెదకి యిచ్చెను," అని ఆయన అందరును వినునట్లు చెప్పి, యువకునకు చేతులు జోడించెను. ఆ యువకుడు కొంచెము సిగ్గుపడి, తానును చేతులు జోడించి, తన పనిమీద వెడలిపోయెను. అప్పటికి ఆరు గంటలకు ఇంకను పది నిమిషములు తక్కువగా నుండెను.

మరునాడు ఓడ మోహాచ్ వద్ద నిలిచెను. ప్రయాణికులు ఒక్కొక్కరుగా అధికారియెదుట నిలిచిరి. ఆయన ఉపాధ్యాయుని ముఖమును, పుస్తకములోని చిత్రమును మార్చి మార్చి చూచి, సరియేనని తల యూపెను. ఆనాడు పాస్‌పోర్టులు తిరిగి చేతికి రాగానే ఉపాధ్యాయుడు వాటిని గదిలోని యినుపపెట్టెలో పెట్టెను. ఏ యంకెలు నొక్కవలెనని భార్య అడుగగా, "మన అమ్మాయి పుట్టిన సంవత్సరము. ఇద్దరికిని జ్ఞాపకముండును," అనెను. బెల్‌గ్రేడు చేరువరకును ఆ చోటు మారలేదు. ఆయన నది యందమును కన్నులార చూచినది ఆ దినములలోనే.

విలువగల వస్తువునకు కావలసినవి ఒక నిలుకడైన చోటు, వేరొకచోట దాని నకలు, పడుకొనబోవు ముందు ఒక్కసారి లెక్క చూచుకొను అలవాటు. ఇంతకు మించిన దాపరికము కాపలా కాదు, భయము. భయము మొదట నిద్రను చెరచును, పిదప జ్ఞాపకమును చెరచును, తుదకు ప్రక్కనున్నవాని మంచిపేరును చెరచును.

పోయిన పాస్‌పోర్టునకు మారు పాస్‌పోర్టు ఇచ్చు కార్యాలయములు కలవు. అకారణముగా పోయిన మంచిపేరునకు మారుపేరు ఇచ్చు కార్యాలయము ఎచ్చటను లేదు. దానిని పోగొట్టినవాడే నలుగురి యెదుటను తిరిగి యియ్యవలెను. బుడాపెస్టులో ఉపాధ్యాయుడు ఆ పని చేయగలిగెను. నాడు బల్లపై నిలిచిన బాలుడు ఇప్పుడెచ్చట నున్నాడో ఆయనకు తెలియదు.