శాంతినికేతనమున ఒక చిత్రకారుని గోడలు

శాంతినికేతనమునకు బోవు మనవారిలో పెక్కండ్రు రవీంద్రనాథ ఠాకూరుగారి గృహములను, గాజు మందిరమును దర్శించి, సోనాఝురి సంతలో చీరలు కొని యిల్లు చేరుదురు. బుధవారమచట సెలవుదినమని యెఱుగక వాకిటనుండియే మరలువారును గలరు. మేము మాత్రము ముఖ్యముగ బోయినది బినోద్ బిహారీ ముఖర్జీ యను చిత్రకారుని గోడలను జూచుటకు. మాఘమాసమున మావారు పాఠశాలకు సెలవు పెట్టిరి. మా యత్తగారును మాతో వచ్చిరి. ఆమెకు నీటికాసుల వలన కన్నులు రెండును దాదాపుగ పోయినవి. చూపు లేని ముసలమ్మకు బొమ్మల యాత్ర యేమని యిరుగుపొరుగువారు నవ్విరి. ఆమెయు నవ్వి, తన మడిచీర తానే మూట గట్టుకొనిరి.

హౌరానుండి బోల్పూరు సుమారు 150 కిలోమీటర్లు. బర్ధమాను దాటు వఱకు వరిచేలు, చేపల చెఱువులు, అరటి తోపులు. మన గోదావరి సీమ వలెనే యుండును. పిదప రైలు అజయ నదిని దాటును. ఆ నదీతీరమున నున్న కెందూలి గ్రామమే జయదేవకవి జన్మస్థానమని వంగీయులందురు. కాదు, మా దేశమే యని ఉత్కళీయులందురు. ఈ వివాదము మనకేల? ఏటి కావలి నేల మాత్రము మాఱిపోవును. ఎఱ్ఱని కంకరమన్ను, వానకు కోసుకొనిపోయిన గండ్లు, నడుమ నడుమ ఒంటరి తాటిచెట్లు. ఈ గండ్ల నేలను వారు ఖోయాయి యందురు. మహర్షి దేవేంద్రనాథుడు 1863లో ఇచట స్థలము సంపాదించెను. ఆయన కుమారుడు రవీంద్రుడు 1901లో పాఠశాల పెట్టెను. కళాభవనము 1919లో వెలసెను. 2023లో ఈ స్థలము యునెస్కో వారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది.

బినోద్ బిహారీ 1904లో జన్మించెను. పుట్టుకతోనే ఒక కంట చూపు లేదు. రెండవ కన్ను కడు మందము. అందువలన బాల్యమున బడిచదువు సరిగా సాగలేదు. ఇంటి పట్టుననే చదివికొనిన మా వంటి వారికి ఈ సంగతి వినగనే ఆయనపై ఒక బంధుభావము కలుగును. 1917లో ఆయన శాంతినికేతనమునకు వచ్చెను. కన్నులు సరిగా లేని బాలునికి చిత్రకళ యేల యని ఆచార్యుడు నందలాల్ బోసు సందేహించెనట. అతనికి కోరిక యున్నయెడల అతని దారిని పోనిమ్మని రవీంద్రుడు చెప్పెనట.

దవ్వులు కనబడని ఆ బాలుడు దగ్గఱి వానిని మిక్కిలి దగ్గఱగా జూచెను. తాటిచెట్టు, చెఱువు, మేకలు, సంతాలుల గుడిసెలు, సంతకు పోవు స్త్రీలు. 1940లో కళాభవన విద్యార్థుల వసతి గృహపు లోకప్పుమీద ఆయన వ్రాసినది ఈ బీర్భూము జీవితమే. నడుమ చెఱువు, దాని చుట్టును చెట్లు, ఇండ్లు, మనుష్యులు, పశువులు. తల పైకెత్తి చూచుచుండ, ఏ దిక్కున నిలిచినను ఎవరో ఒకరు తలక్రిందుగ నుందురు. మావారికి మెడ పట్టినది.

హిందీ భవనపు గోడలు 1946-47లో వ్రాసినవి. తడిసున్నము ఆఱకమునుపే రంగు వేయు పద్ధతి. తప్పుపోయిన దిద్దుటకు వీలులేదు. మూడు గోడలు, సుమారు 80 అడుగుల నిడివి. రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవిందసింగు మున్నగు మధ్యయుగపు భక్తులు, వారి చుట్టు నేతగాండ్రు, బాటసారులు, తల్లులు, ఒక నది వలె ప్రవహించుచుందురు. ముందుగ గోడమీద పూర్తి నమూనా గీయకయే వ్రాసెనని విని మావారు నమ్మలేకపోయిరి. మాకు అంత వింత తోపలేదు. పండుగనాడు వాకిట నిలిచిన యాడుది కాగితము చూచి ముగ్గు పెట్టునా? సూరదాసు నొద్ద మేము చాలసేపు నిలిచితిమి. అంధకవిని వ్రాయుచున్న దినములలో ఆ చిత్రకారునకు ఒక కంటి కొసచూపు ఇంకను మిగిలియున్నది.

అదియు 1956 ప్రాంతమున శుక్లముల శస్త్రచికిత్స విఫలమగుటచే పోయినది. అప్పటికి ఆయనకు ఏబది రెండేండ్లు. అంతకుముందు నేపాళమున ప్రభుత్వ ప్రదర్శనశాలను చూచెను. ముస్సోరీలో కొంతకాలము నివసించెను. ఇక చూడవలసినదంతయు లోపలనే యుండిపోయినది. ఆయన కుంచెను నమ్ముకొనక చేతికి తెలియు వస్తువులను పట్టెను. రంగుకాగితములు కత్తిరించి, అంచులు వ్రేళ్ళతో తడవి, ఒకదాని ప్రక్క నొకటి అంటించెను. మైనముతో చిన్న బొమ్మలు చేసెను. కాగితము మడచి మనుష్యరూపములు చేసి, వాని ననుసరించి 1972లో కళాభవనపు గోడకు పింగాణి పలకల చిత్రము నమర్చెను. శిష్యులు సాయపడిరి, ఏ ముక్క యెచట నుండవలయునో చెప్పినది ఆయనయే. ఆ కాలముననే ఆయన పూర్వశిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయనను గూర్చి 'అంతర్నేత్రము' అను నర్థముగల చిన్న చలనచిత్రము తీసెను.

ఈ ముక్కల చిత్రములను తక్కువగా జూచువారుందురు. పూర్వపు పనితనమేది, ఇవి పిల్లల కాగితపు ఆటలు గదా యని మావారి మిత్రుడొకరు మా యెదుటనే యనిరి. మేము ఒప్పుకొనము. వంగదేశపు స్త్రీలు పాతచీరలను మడతలుగ పేర్చి పరుగుకుట్టు కుట్టు కాంథాను చూడుడు. మన బొంత వంటిదే. అందు పెండ్లినాటి చీర యంచు, బిడ్డ పొత్తిగుడ్డ, పోయిన మామ్మ పంచె యొకచోట చేరును. దానిని కప్పుకొనిన వారు అది పాతగుడ్డ యందురా?

పింగాణి గోడ నొద్ద మా యత్తగారు మమ్ములను విడువక ప్రశ్నించిరి.

"ఏ రంగమ్మా?"

"కావిరంగు, నలుపు, తెలుపు కలిసియున్నవి, అత్తయ్యా."

"మనుష్యులు ఎంత పొడుగు? నిలిచిరా, కూర్చుండిరా?"

మేము చెప్పితిమి. ఆమె గాలిలో వ్రేళ్ళు కదలించుచు వినిరి. పిమ్మట, "చూపున్న దినములలో చెఱువు గట్టు బాగుగ చూచియుండును. లేనిచో చేయి యేమి చేయును?" అనిరి. వెంటనే, "నా చేతికి ఇరువదియొక్క చుక్కల ముగ్గు ఇప్పటికిని తెలియును గాని, గీత వంకర పోయిన పదిమంది నవ్వుదురు" అనిరి. మొన్నటి ధనుర్మాసమంతయు ఆమె ముగ్గుపిండి ముట్టలేదు. మేము కారణ మడుగలేదు. కాళ్ళ నొప్పులని తలంచితిమి. పెద్దవారు తాము మానుకొనిన పనులను గూర్చి ఎవరితోను చెప్పరు. వంగరలేమని చెప్పిన చాలును, ఇంటివారు నమ్ముదురు.

బినోద్ బిహారీ చూపు పోయిన పిదప కూడ కళాభవనమున బోధించెను. వంగభాషలో తన జీవితమును గూర్చి 'చిత్రకర్' అను గ్రంథమును వ్రాసెను. 1974లో పద్మవిభూషణ బిరుదమొందెను. 1980లో పరమపదించెను.

సాయంకాలము ఖోయాయి మీదుగా కోపాయి యేటికి టోటోలో పోయితిమి. బ్యాటరీతో నడచు ఆ మూడుచక్రముల బండిలో ముగ్గురు కూర్చుండిన నాల్గవవానికి మోకాళ్ళే మిగులును. ఏటిలో నీరు పాదములు తడియు మాత్రము. మావారు అద్దరి తాటిచెట్లు లెక్కించుచుండిరి. అత్తగారు ఒడ్డున కూర్చుండి ఎఱ్ఱమన్ను చేతికి తీసికొని, మన గరపనేల కంటె మెత్తన యనిరి. కొంతసేపటికి చూడగా ఆమె ముందు నేలమీద వ్రేలితో వత్తిన చుక్కలున్నవి. వరుస కేడు చొప్పున నాలుగు వరుసలు. అయిదవ వరుస సగమైనది. బండివాడు రైలు వేళయినదని కేక వేయగా, ఇంకొక నిమిషము నిలువుమని మేము చేయి చూపితిమి.