మంట కనిపించింది, వేడి తెలియలేదు

మాది గుంటూరు. విన్నిపెగ్‌లో నాకది మొదటి చలికాలం. జనవరి 13 సాయంత్రం ఆరున్నరకి పని దిగి బస్టాపులో నిలబడ్డాను. అప్పటికే చిమ్మచీకటి. అక్కడ ఇంటి దగ్గర భోగి తెల్లవారుజాము. అమ్మ వీడియోకాల్ చేసి మంట చూపించింది. తమ్ముడు పిడకల దండ అందులో వేస్తున్నాడు. ఫోన్ పట్టుకోవడానికని కుడిచేతి గ్లోవ్ తీశాను.

గాలితో కలిపి మైనస్ 40. ఆ చలిలో బట్ట కప్పని చర్మం గడ్డకట్టడానికి 5 నుంచి 10 నిమిషాలు చాలు. నాకా లెక్క తెలీదు. ముందు వేళ్లు మండాయి, తర్వాత సూదులు గుచ్చినట్టయింది, ఆ తర్వాత ఏమీ లేదు. హమ్మయ్య, చలికి అలవాటు పడ్డాననుకున్నాను. అసలు సంగతి వేరు. చర్మం సుమారు 10 డిగ్రీలకి చల్లబడిందంటే నరాలు కబురు పంపడం మానేస్తాయి. కళ్లు మాత్రం మంట చూస్తూనే ఉన్నాయి. చలికి బ్యాటరీ చచ్చి ఫోన్ ఆగిపోయాక గానీ చేతివంక చూడలేదు. వేలికొనలు మైనంలా పాలిపోయి ఉన్నాయి. తట్టి చూస్తే చెక్కముక్కే.

ఇంటికెళ్లి చేసింది ఇంకా తెలివితక్కువ పని. వేడినీళ్ల కుళాయి కింద పెట్టాను. నీళ్లు పొగలు కక్కుతున్నా చురుక్కుమనలేదు. రూమ్మేట్ కంగారుగా చెయ్యి లాగేశాడు.

ఆసుపత్రిలో 38 డిగ్రీల నీళ్లలో అరగంట ముంచి ఉంచారు. గోరువెచ్చటి నీళ్లే. ప్రాణం వస్తున్న వేళ్లకి మాత్రం కాగే నూనె. నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగింది. తొమ్మిదన్నాను. గోళ్ల కింద పోటు, కణుపుల్లో సలుపు, పైన భగభగ, ఉండుండి మోచేతి దాకా జివ్వుమనడం. వీటన్నిటినీ కలిపి ఒక్క అంకె చెప్పమంటే ఏం చెప్తాం?

ఈ ఇబ్బంది ముందే పట్టుకున్నాయన కెనడాలోనే ఉండేవాడని తర్వాత చదివాను. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని చెప్పే 78 మాటలతో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. పోటుకి, మంటకి మాటలు దొరికాయి. జివ్వుమనడానికి మాత్రం నాకందులో దొరకలేదు.

బొబ్బలు తగ్గాయి, వేళ్లు మిగిలాయి. ఉంగరపు వేలి కొన ఇంకా మొద్దుగానే ఉంది. మొన్న ఇంటికెళ్లినప్పుడు అన్నం వేడి ఎడమచేత్తో తాకి చూసుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు.