జెండా కొస

నిన్న వార్‌హామర్ 40,000 అనే బొమ్మ సైనికుల యుద్ధపు ఆట ఒక స్నేహితుడితో ఆడుతూ ఒక్క ప్రశ్న దగ్గర 20 నిమిషాలు ఆగిపోయాం. పీపాల వెనకున్న వాడి సైనికుడి జెండా కొస మాత్రమే కనిపిస్తోంది. కాల్చొచ్చా?

"జెండా లెక్కలోకి రాదురా" అన్నాడు వాడు. 2008 నాటి ఐదో ఎడిషన్లో నిజంగానే రాదు, ఒళ్లు కనబడాలి. 2023లో వచ్చిన పదో ఎడిషన్లో బొమ్మలో ఏ భాగం కనబడినా చాలు. రూల్ పుస్తకం నా వైపే ఉంది.

కానీ వాడు మూడు రాత్రులు కూర్చుని రంగులేసిన జెండా అది. అందంగా చేసినందుకే సైనికుడు చావాలా? పాత రూలే న్యాయమనిపించింది నాకు.

రూలూ న్యాయమూ వేరైతే తీర్పెవరిది? 1876లో వెర్డీ దు వెర్న్వా అనే ప్రష్యన్ అధికారి క్రీగ్‌స్పీల్ అనే సైనిక శిక్షణ ఆటలో రూళ్లు చాలావరకు పక్కనపెట్టి, తీర్పు అనుభవజ్ఞుడైన అంపైర్‌కి వదిలేశాడు. మాకు అంపైర్ లేడు. ఇకమీదట పాచిక వెయ్యకముందే మాట్లాడుకుందాం అనుకున్నాం.

నేను కాల్చలేదు.