సిక్ పెట్టడం తెలియని పిల్లలు

పోల్ వాల్ట్ ఆడే పిల్లల్ని నొప్పి ఎక్కడుందని నేను మొదట అడగను. అడిగినా చెప్పరు. "రన్నప్ ఎన్ని అడుగులు తీసుకుంటున్నావురా? పోల్ మీద పైచెయ్యి పోయిన నెల ఎక్కడ పట్టావు, ఇప్పుడెక్కడ పడుతున్నావు?" అని అడుగుతాను. పదహారు అడుగుల వాడు పన్నెండుకి దిగినా, పైచెయ్యి జానెడు కిందికి జరిగినా ఒంట్లో ఎక్కడో తేడా చేసినట్టే. అక్కణ్ణించి ఒక్కొక్క కీలూ తడుముకుంటూ వెళితే దొంగ దొరుకుతాడు.

నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వర్క్‌షాపు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. పగటిపూట నా బల్లమీదికి వచ్చేవి రిటైరైన రైల్వేవాళ్ల మోకాళ్లు, ట్రాక్ మీద ఏళ్ల తరబడి వంగి పనిచేసిన నడుములు. సాయంత్రమైతే ఆటల పిల్లలు. ఫుట్‌బాల్ వాళ్లు, పరుగు వాళ్లు ఎక్కువ. పోల్ వాల్ట్ వాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే, అందులో నిమ్‌పురా, మథురాకాటి వైపు తెలుగు ఇళ్ల పిల్లలూ ఉంటారు. పరుగు, బరువులు, జిమ్నాస్టిక్స్ ఇక్కడ చేసుకుని, దూకడానికి కోల్‌కతా వెళ్లే లోకల్ ఎక్కుతారు. అంత తక్కువమందైనా నాకు ఎక్కువ భయం వీళ్లతోనే.

వంద మీటర్ల పరుగులో తొడ కండరం పట్టేసినవాడు ఓడిపోతాడు. మహా అయితే కండరం ఇంకాస్త చిరిగి కుంటుకుంటూ బయటికొస్తాడు. పోల్ వాల్ట్‌లో లెక్క వేరు. ఇక్కడ మనిషిని పైకి లేపేది పరుగే. పోల్ కొస వెళ్లి నేలలో 20 సెంటీమీటర్ల లోతున ఉన్న బాక్స్‌లో తగలగానే పరుగులోని బలమంతా పోల్‌లోకి పోయి దాన్ని వంచుతుంది. ఆ పోల్ నిటారుకు వచ్చి, దాటి, తిరిగి సాగేటప్పుడు పిల్లవాణ్ణి పరుపు వైపు విసురుతుంది. పరుగు తగ్గిందనుకోండి, పోల్ నిటారుకు రాకుండానే ఆగిపోతుంది. పైనున్నవాడు ఎటు పడతాడు? పరుపు మీద కాదు, వచ్చిన దారినే రన్‌వే మీదికో, బాక్స్‌లోకో. అదీ కాళ్లు పైకి, తల కిందికి ఉన్న క్షణంలో. అమెరికాలో కెవిన్ డేర్ అనే కాలేజీ కుర్రాడు 2002 ఫిబ్రవరిలో పోటీ మధ్యలో అలా బాక్స్‌లోకి తలకిందులుగా పడి చనిపోయాడు. ఆస్ట్రియా రికార్డు హోల్డర్ కిరా గ్రున్‌బర్గ్ 2015 జులైలో ఇన్స్‌బ్రుక్‌లో ప్రాక్టీసు చేస్తూ పడి, వెన్ను దెబ్బతిని, చక్రాల కుర్చీకి పరిమితమైంది. వాళ్లు గాయంతో దూకి పడ్డారని నేననడం లేదు. ఒళ్లు బాగున్నవాళ్లకే ఇది ఇలాంటి ఆట అని చెబుతున్నానంతే.

ఇక నడుం సంగతి. టేకాఫ్ పాదం పైచేతికి సరిగ్గా కింద నేలమీద పడాలి. అరడుగు ముందుకి వెళ్లిపోతే దాన్ని 'అండర్' అంటారు. అప్పుడు పోల్ చేతుల్ని వెనక్కి గుంజుతుంది, ఒళ్లు ముందుకి పోతుంది, మధ్యలో నడుం వెనక్కి విరుచుకుంటుంది. రోజుకి ఇన్ని దూకుళ్లు, వారానికి ఇన్ని రోజులు, పదిహేను, పదహారేళ్ల ఇంకా గట్టిపడని ఎముక. నడుం అడుగున అయిదో పూసకి వెనకవైపు ఒక సన్నటి ఎముక భాగం ఉంటుంది, పగులు అక్కడ మొదలవుతుంది. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, ఎమ్మారైలో బయటపడుతుంది. అప్పుడే పట్టుకుని మూడు నెలలు దూకుడు మాన్పిస్తే ఎక్కువమందికి అతుక్కుంటుంది. పట్టుకోకపోతే రెండోవైపూ పగిలి, పూస ముందుకి జారే దాకా పోవచ్చు. నేను చూసినంతలో చాలా నడుం నొప్పులు నడుం దగ్గర మొదలుకావు. ముందు చీలమండ బెణుకుతుంది. దానికి టేపు చుట్టి పరిగెడతాడు. ఆఖరి రెండడుగులూ సరిగా వేయలేక సాగదీస్తాడు. టేకాఫ్ అండర్ అవుతుంది. ఆర్నెల్ల తర్వాత నడుం పట్టుకుని వస్తాడు, చీలమండ సంగతి మర్చిపోయి.

అలా వచ్చిన ఒక కుర్రాడి తండ్రి మా వర్క్‌షాపులో చక్రాల దగ్గర పనిచేస్తారు. కొడుకు ఎమ్మారై ఆయన చేతిలో ఉంది. వచ్చే వారం రాష్ట్ర మీట్. "ఈ ఒక్కటి ఆడేస్తాడు సార్, తర్వాత మీరెలా చెప్తే అలాగే" అన్నారు. నేనడిగాను: "మీరు యాక్సిల్‌కి అల్ట్రాసోనిక్ టెస్టు ఎందుకు చేస్తారండీ?"

"పైకి కనపడని పగులుందేమో చూడ్డానికి."

"ఉందని తేలితే? ఈ ఒక్క ట్రిప్పూ తిప్పి తర్వాత చూద్దాం అంటారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "యాక్సిల్ తీసేస్తే ఇంకోటి వేస్తాం సార్. మావాడి సర్టిఫికెట్ పాతబడిపోతే ఇంకోటి ఎవరిస్తారు?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఈ ఊళ్లో పిల్లలు దూకేది ఒలింపిక్స్ కోసం కాదు, స్పోర్ట్స్ కోటా కోసం. రైల్వేలో ఆ కోటాకి వయసు పద్ధెనిమిది నుంచి ఇరవై అయిదు. వంద మార్కుల్లో 50 గుర్తింపు ఉన్న పోటీల్లో సాధించిన వాటికి, 40 ట్రయల్‌కి, 10 చదువుకి. సాధించినవంటే ఎప్పుడో సాధించినవి కావు, నడుస్తున్న ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు సంవత్సరాలు. అంటే జూనియర్ నేషనల్స్‌లో మూడో స్థానం తెచ్చుకున్న పిల్లవాడి చేతిలో ఉన్నది గడువున్న కాగితం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, అందులో పోల్ వాల్ట్‌కి పోస్టు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఒక ఏడాది నడుం కోసం ఆగితే ఆ ఏడాదిలో కొత్త సర్టిఫికెట్ రాదు, పాతది గడువుకి దగ్గరవుతుంది. ఈ లెక్క పదహారేళ్ల పిల్లలకి నాకన్నా బాగా వచ్చు.

ఈ ఊళ్లో కోటా గురించి మాట్లాడితే ధోనీ పేరు రాక తప్పదు. 2001 నుంచి రెండేళ్ల పైచిలుకు ఖరగ్‌పూర్‌లో టిక్కెట్ కలెక్టర్‌గా చేశాడు, ఆటల కోటాలోనే. ప్రతి తండ్రీ ఆ కథ చెబుతాడు. అతను ఆ ఉద్యోగం వదిలేసి వెళ్లాడన్న సంగతి మాత్రం కథలో త్వరగా దాటేస్తారు. వాళ్లకి కావలసింది ఆ వదిలేసిన ఉద్యోగమే మరి.

అసలు విచిత్రం ఏమిటంటే, ఒంట్లో బాగోలేకపోతే పని ఆపాలని ఈ ఊరికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. ఇక్కడ పని ఆపడానికి ఒక పద్ధతుంది. ఒంట్లో బాగోలేనివాడు 'సిక్' పెడతాడు. రైల్వే డాక్టరు 'ఫిట్' రాసిచ్చేదాకా డ్యూటీ ఎక్కడు. లోకో పైలట్ చూపు ఉండాల్సినంత లేకపోతే బండి ఇవ్వరు. వి.వి. గిరిగారు బీఎన్ఆర్ కార్మికుల్ని కూడగట్టి 1928లో సమ్మె నడిపిన గడ్డ ఇది. హక్కుల మాట ఇక్కడివాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. తండ్రికి జ్వరమొస్తే సిక్ ఉంది. కొడుక్కి వెన్నుపూస పగిలితే ఏమీ లేదు. ఆటల పిల్లవాడికి 'ఫిట్' రాసేవాడు అతనికి అతనే.

పైగా మన దగ్గర నొప్పితో ఆడినవాళ్లకే చప్పట్లు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జల్‌పాయిగుడి అమ్మాయి స్వప్నా బర్మన్ పంటి నొప్పితో, దవడకి టేపు అంటించుకుని హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచింది, 6026 పాయింట్లతో. ఆ ఫొటో బెంగాల్‌లో చూడనివాళ్లు లేరు. "స్వప్నా దీదీ టేపుతో గెలవలేదా సార్?" అని పిల్లలు నన్ను నిలదీస్తారు. గెలిచింది. ఆమె మీద నాకు గౌరవమే. కానీ ఆ టేపు దవడకి. దవడ నొప్పికి టేకాఫ్ అరడుగు జరగదు. నీ టేపు టేకాఫ్ కాలికి అని చెబుతాను. నమ్మినట్టు తలూపుతారు.

వాళ్ల ఆటలోంచే, గాయానికి ఆగినవాళ్ల పేర్లు కావాలంటే ఉన్నాయి. ఫిలిప్పీన్స్ పోల్ వాల్ట్ ఆటగాడు ఎర్నెస్ట్ ఓబియేనా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 5.90 దాటి నాలుగోవాడయ్యాడు. ఆ నెలలోనే అయిదో నడుంపూసకి పగులుందని చెప్పి ఆ ఏడాదికి ఆట ఆపేశాడు. నేను పిల్లలకి చూపించే పూసే అది. సెర్గీ బుబ్కా 1996లో అట్లాంటా ఒలింపిక్స్ దాకా వెళ్లి, మడమ వెనక నరం బాగోలేదని ఒక్కసారి కూడా దూకకుండా తప్పుకున్నాడు. మరుసటి ఏడు ఏథెన్స్‌లో ఆరోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆట వేరైనా, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2025లో ఆసియా హర్డిల్స్ స్వర్ణం గెలిచిన కొద్ది వారాలకే మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, టోక్యో ప్రపంచ పోటీలు వదులుకుంది. అయితే ఒక తేడా నేను దాచను. వీళ్లందరికీ వెనక డాక్టర్లున్నారు, డబ్బుంది, పేరుంది. ఆగగలిగే స్తోమత ఉంది. నిమ్‌పురా పిల్లవాడికి మెడల్ ఒక్కటే ఆస్తి.

సూదిమందు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి తండ్రులకి అసలు తెలియదు. మీట్‌కి రెండు రోజుల ముందు ఎవరో ఒకరు 'నొప్పి తెలియకుండా' ఒక ఇంజెక్షన్ వేయిస్తారు. అది స్టెరాయిడ్ అయితే, 2022 నుంచి పోటీ సమయంలో ఏ రకంగా సూదితో ఎక్కించినా డోపింగ్ కిందే లెక్క. ట్రమడాల్ మాత్ర 2024 నుంచి అదే జాబితాలో చేరింది. మెడల్ కోసం వేసుకున్న మందు మెడల్‌నే పట్టుకుపోతుంది. ఇక మామూలు నొప్పి మాత్రలకి నిషేధం లేదు కానీ, నొప్పి తెలియకపోతే గాయం ముదురుతున్న సంగతీ తెలియదు. అది పోల్ వాల్ట్ ఆడేవాడికి ఎంత ప్రమాదమో పైన చెప్పాను.

పోల్‌ల గొడవ ఇంకోటి. ప్రతి పోల్ మీదా పొడవు, అది మోయగల బరువు రాసుంటాయి. పరుగు తగ్గినవాడు పొట్టి పోల్, మెత్తని పోల్ తీసుకోవాలి, చెయ్యి కిందికి పట్టాలి. తీసుకోవడానికి రెండోది ఉండాలి కదా! మంచి పోల్ ఒక్కటి కొనాలంటేనే ఇల్లు గుల్లవుతుంది. ఉన్న ఒక్కదాన్నీ, లేదా ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నదాన్నీ పట్టుకుని దూకుతారు. ఆ బరువు ముద్ర పోయిన ఏడు తమ బరువుకి సరిపోయింది, ఈ ఏడు సరిపోదు. నాలుగైదు మీటర్ల సామాను రైల్లో తీసుకెళ్లడం మరో యాతన. అప్పటికి జాతీయ రికార్డు తన పేర ఉన్న దేవ్ మీణా అంతటివాణ్ణే 2026 జనవరిలో ఈ పోల్‌ల కారణంగా పన్వేల్ స్టేషన్లో రైలు దింపేశారు. ఆయనకే అలా ఉంటే మా పిల్లలు రెండు మూడు పోల్‌లు మోసుకెళతారని ఎలా అనుకుంటాం? రైల్వే ఊరివాణ్ణి గనక సిగ్గుపడుతూ రాస్తున్నాను ఈ వాక్యం.

మరి నేనేం చేస్తాను? దూకొద్దని చెప్పిన ప్రతివాడూ నన్ను వదిలేసి, దూకమనేవాడి దగ్గరికి పోతే నా వైద్యం ఎవరికి? అందుకే బేరమాడతాను. పగులు ఎముకలో ఉంటే బేరం లేదు, తలుపు మూసి మాట్లాడతాను, తల్లిని కూడా పిలిపిస్తాను. తల్లులు త్వరగా అర్థం చేసుకుంటారు. కండరమైతే, పాత బెణుకైతే, ఎన్నిసార్లు దూకాలో ముందే ఒప్పందం. పోటీ రెండు మూడు గంటలు సాగుతుంది, ఒక దూకుడికీ ఇంకోదానికీ మధ్య ఒళ్లు చల్లబడి బిగుసుకుంటుంది. కాబట్టి కింది ఎత్తులు వదిలేసి కాస్త పైన మొదలుపెట్టమంటాను. దానివల్ల మొదటి ఎత్తే తప్పి సున్నాతో రావచ్చు. ఆ మాట ముందే చెబుతాను. పరుగులో ఏ మాత్రం తేడా అనిపించినా పోల్ వదిలి పరుపు మీదికి పరిగెత్తుకుపోవాలి. ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠం. ఎవరూ చూడకుండా పది మీటర్ల పరుగుతో దాన్నే మళ్లీ మళ్లీ చేయిస్తాను. ఆపడం కూడా ప్రాక్టీసు చేయాలి, లేకపోతే అవసరానికి రాదు.

ఇందులో నా చేతిలో ఉన్నది కొంతే. రైల్వే చేతిలో ఉన్నది చాలా ఎక్కువ. రైల్వే డాక్టరే పరీక్షించి, ఫలానా పిల్లవాడు గాయం వల్ల ఈ ఏడాది ఆడలేడని రాసిస్తే, సర్టిఫికెట్ల లెక్కలో ఆ ఏడాదిని వదిలి ఇంకో ఏడాది వెనక్కి చూడమని నా విన్నపం. ఉద్యోగులకి ఉన్న సిక్, ఫిట్ పద్ధతే ఇదీ. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, ఖర్చు అంతకన్నా లేదు. దొంగ సర్టిఫికెట్లు వస్తాయంటారా, రాసేది రైల్వే డాక్టరే కదా.

అది జరిగేదాకా తల్లిదండ్రులకి ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో ఈ ఆట ఆడుతుంటే, ఒంటికాలి మీద నిలబడి నెమ్మదిగా వెనక్కి వంగమనండి. తర్వాత రెండో కాలి మీద. నడుం కింద ఒక పక్కన కలుక్కుమన్నా, లేక నడుం నొప్పి మూడు వారాలు దాటినా స్ప్రే కొట్టి పంపకండి, స్కాన్ తీయించండి. మీట్ పొద్దున్న కాకుండా మీట్‌కి నెల ముందు నా దగ్గరికో, మీ ఊళ్లో నాలాంటివాడి దగ్గరికో తీసుకెళ్లండి. ఫీజు సంగతి తర్వాత చూసుకోవచ్చు.