నిన్నటి రొట్టె

మా అబ్బాయి బార్సిలోనా నుంచి మూడేళ్ళకు ఇంటికి వచ్చాడు. వస్తున్నాడని తెలిసింది మొదలు నేను చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. ఉగ్గాని, బజ్జీలు, ఓళిగలు, గుత్తివంకాయ - ఏ పూట ఏమిటో వరుస వేసుకున్నాను. తీరా వచ్చిన రెండో రోజు సాయంత్రం వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇవాళ నువ్వు కూర్చో. నేను చేసి పెడతాను" అన్నాడు.

నా మనసు చివుక్కుమంది. మూడేళ్ళలో నా చేతివంట వీడికి మొహం మొత్తిందా అనుకున్నాను. పైకి మాత్రం, "ఏం కావాలిరా?" అన్నాను.

"బేకరీ రొట్టె, టమాటాలు, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, నూనె, చీజ్. అంతే."

మా సున్నిపెంట సంగతి మీరెరుగుదురో లేదో. 1963లో నెహ్రూగారు శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేసిన తరువాత, నల్లమల నడుమ ప్రాజెక్టు వాళ్ళ కాలనీగా ఎదిగిన ఊరు. ఇక్కడికి కూరగాయలైనా ఘాటు రోడ్డెక్కి రావలసిందే. ఆలివ్ నూనె వాడే పెట్టెలో తెచ్చుకున్నాడు గనుక బతికిపోయాం. చీజ్ అనగానే మావారు, "జున్నా? ఇప్పుడు ఈనిన బర్రె ఎవరింట్లో ఉందిరా?" అన్నారు.

నిఘంటువు రెంటినీ జున్నే అంటుంది గాని, మనది ముర్రుపాలతో అప్పటికప్పుడు వండేది. వాళ్ళది పాలు విరగ్గొట్టి, నీరు పిండి, ఉప్పు పట్టించి నెలల తరబడి మాగబెట్టేది. డాన్ క్విక్సోట్ పుట్టిన లా మాంచా సీమలో గొర్రెపాలతో చేసే మాంచేగో దీనికి మంచి జోడీ అట. మాకు దొరికింది మామూలు ప్యాకెట్ చీజే.

తాజా రొట్టె తెప్పించబోతే వాడు వద్దన్నాడు. నిన్న మిగిలినదే కావాలట! మందంగా కోసిన ముక్కలను నూనె వెయ్యకుండా పెనంమీద రెండు వైపులా కరకరలాడేట్టు కాల్చాడు. వేడి మీదనే పచ్చి వెల్లుల్లి రెబ్బతో ఒక్కసారి రుద్దాడు. బాగా పండిన టమాటాను అడ్డంగా కోసి, కోసిన వైపు రొట్టెకేసి రుద్దబోతే, మా బజారు టమాటా గట్టిది, లొంగలేదు. తురుముపీట మీద తురిమాడు. తోలు చేతిలో మిగిలింది, గుజ్జు గిన్నెలోకి దిగింది. దాన్ని రొట్టెమీద పులిమి, ఉప్పు చల్లి, నూనె సన్నటి ధారగా పోసి, పైన పల్చటి చీజ్ ముక్క పెట్టాడు.

నేను ఉండబట్టలేక, "తాలింపో?" అన్నాను.

"తాలింపు పెడితే టమాటా కూర అవుతుందమ్మా. మెత్తబడకముందే తిను."

తిన్నాను. పులుపు, ఉప్పు, వెల్లుల్లి ఘాటు, కింద కరకర. బాగానే ఉంది. కాని నా బెంగ అది కాదు కదా.

అప్పుడు చెప్పాడు. అక్కడి కాటలాన్ వాళ్ళు దీన్ని 'పా అమ్ తుమాకత్' అంటారట, అంటే టమాటాతో రొట్టె. ఎండిన రొట్టెను పారెయ్యలేక పల్లెవాళ్ళు కనిపెట్టిన ఉపాయమని చెప్పుకుంటారట. చలికాలానికని టమాటాలను దారాలకు గుచ్చి వేలాడగట్టుకుంటారట కూడాను.

"మొదటి ఏడు చలికాలంలో ఒకనాడు మిగిలిన రొట్టె పారెయ్యబోయానమ్మా. చెయ్యి రాలేదు. అవ్వ గుర్తొచ్చింది. పక్కింటి ముసలమ్మను అడిగితే ఇది నేర్పింది."

మా అత్తగారు ఎండిన జొన్నరొట్టెను తుంచి మజ్జిగలో నానేసి, ఉల్లిగడ్డ నంజుకుని తినేది. "రొట్టె చద్దిదవుతుంది గాని, ఆకలి చద్దిదవుతుందా?" అనేది. కొత్త కోడలిగా ఆ పిసినారితనానికి నేను చాటుగా నవ్వుకున్నదాన్ని. ఆ మాట నా కొడుకు వెంట సముద్రాలు దాటిందని ఆ సాయంత్రం తెలిసింది. ఆ మాటకొస్తే టమాటా మాత్రం ఎవరి సొత్తు? 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చి, స్పెయిను వాళ్ళకూ మనకూ ఇంటిపండైపోయింది.

వాడు వెళ్ళిన మర్నాడు డబ్బాలో రెండు జొన్నరొట్టెలు మిగిలి ఉన్నాయి. పెనంమీద కాల్చి, వెల్లుల్లి రుద్ది, టమాటా పులిమి మావారికి పెట్టాను. ఆయన ఒక ముక్క తిని, "కాస్త కారం చల్లవే" అన్నారు.

చల్లాను. స్పెయిను వాళ్ళు క్షమింతురు గాక!