డ్రైవర్ వెనక సీటు

బస్సెక్కితే అందరూ కిటికీ పక్క సీటు చూసుకుంటారు. నేను మాత్రం డ్రైవర్ వెనక సీటే! ‘బాబూ, రెండు నిమిషాలు ఆపుతావా’ అని అడగడానికి వీలుగా ఉంటుందని. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా ఎక్కడెక్కడ బాత్రూములున్నాయో నాకు కంఠతా వచ్చు. నాలుగేళ్లు ఇదే తంతు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ‘అత్తయ్యకు పొగరు పెరిగింది’ అనుకున్నారట మా మేనకోడళ్లు. చెబుదామంటే... ఏమని చెప్పను?

చివరికి డాక్టరమ్మకి చెప్పాను. షుగర్ లేదు, ఇన్‌ఫెక్షన్ లేదు. మూత్రాశయం నిండకముందే దాని కండరం బిగుసుకుంటోందట. కాఫీ తగ్గించాను, వ్యాయామాలు చేశాను, రెండు రకాల మాత్రలు వాడాను. నోరు ఎండిపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. అప్పుడు ఇంజెక్షన్ మాట ఎత్తారావిడ. బొటాక్స్! ముఖం మీద ముడతలకు చేయించుకుంటారే, అదే. సన్నని గొట్టంతో లోపలికి చూస్తూ మూత్రాశయం గోడలో ఇరవై చోట్ల వేస్తారు. మొత్తం 100 యూనిట్లు. అమెరికాలో ఈ జబ్బుకి 2013లో అనుమతిచ్చారట.

మా అల్లుడు లెక్కల మనిషి. ‘డిస్‌పోర్ట్ అని ఇంకోటి ఉంది, సీసాలో 500 యూనిట్లు వస్తాయి, అది నయం కదా’ అన్నాడు. డాక్టరమ్మ నవ్వారు. ఆ యూనిట్లు వేరు, ఈ యూనిట్లు వేరట. శేర్లనీ కిలోలనీ అంకెలు చూసి పోల్చినట్టే! నాలాంటివాళ్లలో ఎక్కువగా పరీక్షించి చూసింది బొటాక్స్‌నే అన్నారు. పోనీ అదే 200 వేస్తే? ఆ మోతాదు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకట. నాలాంటివాళ్లకు 100 దాటితే గుణం పెద్దగా పెరగదు, మూత్రం బిగుసుకుపోయే భయం మాత్రం పెరుగుతుంది.

అక్కడే నా గుండె జారింది. 100 యూనిట్లకే నూటికి ఆరుగురికి అలా అవుతుందట. అది సర్దుకునేదాకా రోజూ ఎవరికివారే సన్నగొట్టం పెట్టుకోవాలి. ‘అందుకు సిద్ధమైతేనే ఇంజెక్షన్’ అన్నారు. వారం రోజులు నిద్రపట్టలేదు. చివరికి నర్సమ్మ దగ్గర ఆ విద్య నేర్చుకున్నాకే సరేనన్నాను. నా అదృష్టం, దాంతో పని పడలేదు. ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, మందులతో తగ్గింది.

రెండు వారాలకు తేడా తెలిసింది. ఏడో నెలలో మళ్లీ మొదలైంది. ఇది ఒక్కసారితో పోయేది కాదని ముందే చెప్పార్లెండి. రెండోది వేయించుకుని మొన్న పెళ్లికి వెళ్లాను. మేనకోడళ్లకి అసలు సంగతి చెప్పేశాను. అందరూ వెళ్లాక చిన్నది నా పక్కన చేరింది.

‘అత్తయ్యా, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో చూస్తారు?’